వాటర్‌గేట్: నిక్సన్‌ని పట్టించింది ఒక బ్యాంకు చెక్కు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 1972 నాటి వాటర్‌గేట్ కుంభకోణాన్ని బయటపెట్టింది వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు ఇద్దరేనా, లేక అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, కోర్టులు, పార్లమెంటు పైసభ సెనేట్ కూడానా అన్నది ఒకటి. ఒక ఆఫీసులో జరిగిన చిన్న దొంగతనానికి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి వదిలి వెళ్లిపోవాల్సినంత అవసరం ఏమొచ్చిందన్నది రెండోది. మీ అమ్మాయి జర్నలిజం సెమినార్ కోసం అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నేను విలేకరిని కాదు, లాయర్‌నీ కాదు. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో చేసి, అందులో పద్దెనిమిదేళ్లు ఇన్‌స్పెక్షన్‌లో ఊరూరూ తిరిగి బ్రాంచీల పుస్తకాలు చూసినవాడిని. రిటైరయ్యాక సెనేట్ కమిటీ ముందు వచ్చిన సాక్ష్యాలు, వైట్‌హౌస్ టేపుల రాతప్రతులు కూర్చుని చదివాను. చదువుతుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ కథకి వెన్నెముక డబ్బు నడిచిన దారి. ఇరవై అయిదు వేల డాలర్ల చెక్కు ఒకటి దొంగల జేబు నుంచి అధ్యక్షుడి గది దాకా దారి చూపించింది. ఆ చెక్కు జోలికి ఎవరూ వెళ్లకుండా ఆపమని ఆయన అన్న మాటే రెండేళ్ల తర్వాత ఆయన పదవికి అడ్డంపడింది.

మొదట ఆ రాత్రి సంగతి. 1972 జూన్ 17, తెల్లవారితే శనివారం. వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే భవనాల సముదాయం, అందులో ఆఫీసు భవనం ఆరో అంతస్తులో నిక్సన్‌కి ప్రత్యర్థి అయిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయం. రాత్రి కాపలాకి ఫ్రాంక్ విల్స్ అనే 24 ఏళ్ల నల్లజాతి కుర్రాడు, జీతం వారానికి 80 డాలర్లు. రౌండ్‌కి వెళ్లినప్పుడు కింద తలుపు గొళ్లెం పడకుండా దాని మీద టేపు అంటించి ఉండటం చూశాడు. ఎవరో పనివాళ్లు మర్చిపోయుంటారనుకుని పీకేసి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూస్తే అదే తలుపుకి మళ్లీ టేపు! ఈసారి పోలీసులకి ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసులు యూనిఫాంలో లేరు, మామూలు బట్టల్లో మామూలు కారులో వచ్చారు, అందుకే ఎదుటి హోటల్ గదిలోంచి కాపలా కాస్తున్న దొంగల మనిషికి పోల్చుకోవడం ఆలస్యమైంది. లోపల అయిదుగురు దొరికారు. చేతులకి సర్జికల్ గ్లవ్స్, దగ్గర కెమెరాలు, ఫోన్‌లో పెట్టి మాటలు వినే పరికరాలు.

అయిదుగురిలో ఒకడు జేమ్స్ మెకార్డ్. కోర్టులో నిలబెట్టినప్పుడు ఏం చేస్తుంటావని జడ్జి అడిగితే గూఢచారి సంస్థ సీఐఏలో చేసి రిటైరయ్యానన్నాడు. అప్పటికి అతను నిక్సన్‌ని మళ్లీ గెలిపించే ఎన్నికల కమిటీకి భద్రతాధికారి. మిగతా నలుగురూ మయామీ నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల నాయకుడు బెర్నార్డ్ బార్కర్.

ఇక్కడ ఒక బ్యాంకు మనిషి కంటికి మొదట ఆనేది వాళ్ల దగ్గర దొరికిన డబ్బు. దాదాపు 2,300 డాలర్లు, చాలా భాగం వంద డాలర్ల నోట్లు, నంబర్లు వరసగా. వరస నంబర్ల నోట్లు చేతులు మారి మారి వచ్చినవి కావు, ఏదో బ్యాంకు కౌంటర్ నుంచి నేరుగా వచ్చినవి. అంటే ఎవరో ఒక చోట సంతకం పెట్టి తీసుకున్నారు, ఆ సంతకం ఎక్కడో ఒక కాగితం మీద ఉంది. పైగా వాళ్లు దిగిన హోటల్ గదిలో 6.36 డాలర్లకి రాసిన పర్సనల్ చెక్కు ఒకటి దొరికింది, ఏదో క్లబ్బుకి కట్టాల్సిన బాకీ. రాసినవాడు హోవర్డ్ హంట్. దొంగల అడ్రస్ పుస్తకాల్లోనూ హంట్ పేరు, పక్కన వైట్‌హౌస్‌ని సూచించే పొడి అక్షరాలు. అతనికి వైట్‌హౌస్‌లో కన్సల్టెంట్‌గా గది, ఫోను ఉండేవి.

నోట్ల నంబర్లు పట్టుకుని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ని అడిగితే అవి మయామీలో ఒక బ్యాంకుకి వెళ్లాయని తేలింది. ఆ బ్యాంకులో బార్కర్‌కి ఖాతా ఉంది. ఖాతాలో ఆ ఏప్రిల్‌లో జమ అయినవి మొత్తం 1,14,000 డాలర్లు. అందులో 89,000 మెక్సికో నగరంలో ఒక లాయర్ పేరు మీద వచ్చిన నాలుగు డ్రాఫ్టులు. మిగతా 25,000 కెన్నెత్ డాల్‌బర్గ్ పేరు మీద ఉన్న క్యాషియర్స్ చెక్కు, మన బ్యాంకర్స్ చెక్కు లాంటిది.

ఈ డాల్‌బర్గ్ ఎవరంటే, నిక్సన్ ఎన్నికల కమిటీ తరఫున మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో విరాళాలు పోగుచేసే పెద్దమనిషి. ఒక దాత ఇచ్చిన నగదుని వెంట పెట్టుకు తిరగడం ఇష్టంలేక ఫ్లోరిడాలో బ్యాంకులో కట్టి తన పేరు మీదే చెక్కు తీసుకున్నాడు. దాన్ని కమిటీ ఆర్థిక విభాగం అధిపతి మారిస్ స్టాన్స్ చేతికిచ్చాడు. స్టాన్స్ దగ్గర నుంచి కోశాధికారి హ్యూ స్లోన్‌కి, స్లోన్ దగ్గర నుంచి ఆ కమిటీకే న్యాయ సలహాదారైన గార్డన్ లిడ్డీకి, లిడ్డీ దగ్గర నుంచి మయామీలో బార్కర్‌కి చేరింది. బార్కర్ దాన్ని తన ఖాతాలో వేసి నోట్లుగా మార్చి వెనక్కి పంపాడు. ఆ నోట్లు కమిటీ బీరువాలోకి, బీరువాలోంచి మళ్లీ లిడ్డీ చేతికి. దొంగతనానికి పథకం వేసిందే లిడ్డీ.

ఇంత చుట్టుతిరుగుడు ఎందుకని మీ అమ్మాయి అడుగుతుంది, అడగాలి కూడా. 1972 ఏప్రిల్ 7 నుంచి కొత్త ఎన్నికల నిధుల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత విరాళమిస్తే దాత పేరు బయటపెట్టాలి. అందుకని ఆ గడువుకి ముందు దేశం నలుమూలల నుంచి కట్టల కొద్దీ డబ్బు పరుగెత్తుకొచ్చింది. మెక్సికో డ్రాఫ్టులు కూడా అలా, టెక్సాస్ నుంచి ఏడు లక్షల డాలర్ల నగదు, డ్రాఫ్టులు కలిపి సూట్‌కేసులో పెట్టుకుని కంపెనీ విమానంలో ఏప్రిల్ 5న వాషింగ్టన్ చేరిన మూటలో భాగం. డాల్‌బర్గ్ చెక్కు తేదీ ఏప్రిల్ 10. గడువు దాటిపోయింది, కాబట్టి దాన్ని ఎక్కడో దూరంగా ఒకరి ఖాతాలో కరిగించి నగదు చేసుకోవాలనుకున్నారు. చట్టం కళ్లు కప్పడానికి వేసిన ఈ ఎత్తే వాళ్ల మెడకి చుట్టుకుంది. నగదుగానే ఉంచుంటే ఆనవాలు దొరికేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. అరెస్టులు జరిగి ఆరు రోజులే అయింది. జూన్ 23 ఉదయం అధ్యక్షుడి గది ఓవల్ ఆఫీసులో నిక్సన్‌తో ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ హాల్డెమన్ మాట్లాడుతున్నాడు. ఎఫ్‌బీఐ మన అదుపులో లేదు, వాళ్లు డబ్బు జాడ పట్టేశారు, నోట్ల ద్వారా కూడా కాదు, బ్యాంకు ద్వారా పట్టారు, అది మనకి ఇష్టంలేని వైపు వెళ్తోంది అంటాడు. డాల్‌బర్గ్ పేరు వస్తుంది, మెక్సికో పేరు వస్తుంది. దీనికి ఒక ఉపాయం కూడా చెప్తాడు: సీఐఏ వాళ్లని పిలిచి, ఇది దేశ భద్రత వ్యవహారం, ఇందులో వేలు పెట్టకండని ఎఫ్‌బీఐకి చెప్పించాలి. నిక్సన్ సరేనన్నాడు. గదిలో మాటలు రికార్డు చేసే టేపు తిరుగుతోంది.

ఆ పేజీ చదివిన రోజు నాకు నా ఉద్యోగంలో మొదటి ఏళ్లు గుర్తొచ్చాయి. ఒక చిన్న టౌన్‌లో బ్రాంచి తనిఖీకి వెళ్లాను. రికార్డు రూములో పురికొస కట్టిన వోచర్ల కట్టలు నేల నుంచి కిటికీ దాకా పేర్చి ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే రకంగా దుమ్ము, ఒక్క నెల కట్ట మీద తప్ప. దాని పురికొస కొత్తది. నేను దాని వైపు చెయ్యి చాపగానే మేనేజర్ టీ తెప్పించి, "ఆ నెలవి ఆల్రెడీ చూసేశారు సార్, మళ్లీ ఎందుకు టైమ్ వేస్ట్" అన్నాడు. నాతో వచ్చిన సీనియర్ నా చెవిలో ఒకటే చెప్పారు: వద్దన్నదే ముందు విప్పు. విప్పితే, లెక్క తేలని మొత్తాలు తాత్కాలికంగా ఉంచే సస్పెన్స్ ఖాతాలోంచి చచ్చిపోయిన మనిషి పేరు మీద మూడుసార్లు డబ్బు తీసిన వోచర్లు బయటపడ్డాయి. మెక్సికో వైపు వెళ్లొద్దు అన్న మాట అంత బరువైనది ఎందుకో అప్పట్నుంచి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నిక్సన్ ఉపాయం ఎంతకాలం పనిచేసింది? రెండు వారాలు. సీఐఏ డిప్యూటీ డైరెక్టర్ వాల్టర్స్ అదే రోజు వెళ్లి ఎఫ్‌బీఐ తాత్కాలిక అధిపతి పాట్రిక్ గ్రేతో చెప్పాడు, గ్రే మెక్సికో విచారణ ఆపాడు. కానీ కింద పనిచేసే ఏజెంట్లు ఊరుకోలేదు, ఎందుకు ఆపాలో చెప్పమన్నారు. చివరికి జులై 5న గ్రే వాల్టర్స్‌ని అడిగింది మన ఆఫీసుల్లో ప్రతి గుమాస్తాకీ తెలిసిన మాట: రాసివ్వండి. రాసివ్వడానికి వాల్టర్స్ సిద్ధంగా లేడు. మర్నాడే వచ్చి సీఐఏకి ఇందులో సంబంధం లేదని తేల్చేశాడు. దర్యాప్తు మళ్లీ నడిచింది. ఈ గ్రేనే తర్వాత హంట్ బీరువాలోని కాగితాలు ఇంటికి తీసుకెళ్లి తగలబెట్టి 1973 ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్నాడు, కాబట్టి ఆయన్ని వీరుడిని చెయ్యను. కానీ ఆ రోజు ఆయన ఆ మాట అడక్కపోతే డబ్బు దారి మెక్సికో సరిహద్దు దగ్గర ఆగిపోయేది.

విలేకరుల సంగతికి వస్తాను. బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ ఇద్దరూ ముప్పై ఏళ్లలోపు కుర్రాళ్లు. బార్కర్ ఖాతా వివరాలు మయామీలో స్థానిక ప్రాసిక్యూటర్ ఆఫీసు వాళ్లు బ్యాంకు నుంచి సమన్లతో రప్పించారు, బార్కర్ మీద ఫ్లోరిడాలో వేరే కేసు ఉందని. బెర్న్‌స్టీన్ అక్కడికి వెళ్లి గంటల తరబడి బయట కూర్చుని ఆ కాగితాలు చూసి డాల్‌బర్గ్ పేరు రాసుకున్నాడు. వుడ్‌వర్డ్ ఫోన్ చేస్తే డాల్‌బర్గ్ తన డబ్బంతా ఎన్నికల కమిటీకే ఇచ్చానని ఒప్పుకున్నాడు. 1972 ఆగస్టు 1న పేపర్లో వచ్చింది. దొంగల ఖాతాలోకి అధ్యక్షుడి ఎన్నికల డబ్బు వెళ్లిందని ప్రజలకి తెలిసింది అప్పుడే. అయితే ఎఫ్‌బీఐకి అంతకు నెల ముందే తెలుసు. అంటే విలేకరులు కనిపెట్టారనడం కంటే, దర్యాప్తు గదుల్లో పడి ఉన్నదాన్ని జనం ముందుకి తెచ్చారనడం న్యాయం. అది చిన్న పని కాదు. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చాలా పత్రికలు దీన్ని మూడో రకం దొంగతనమని వదిలేసినప్పుడు వీళ్లిద్దరూ రాత్రిళ్లు కమిటీ ఉద్యోగుల ఇళ్ల తలుపులు తట్టారు. చాలామంది ముఖం మీదే తలుపు వేశారు. పద్దులు రాసే ఒక ఉద్యోగిని మాత్రం భయపడుతూనే లోపలికి రానిచ్చి, బీరువాలోంచి ఎవరెవరికి ఎంత వెళ్లిందో చెప్పింది. పద్దులు రాసేవాళ్లకి అన్నీ తెలుస్తాయి, వాళ్లని అడిగేవాళ్లే ఉండరు. ఈ కేసులో అడిగారు.

వాళ్లకి రహస్యంగా సమాచారమిచ్చిన "డీప్ థ్రోట్" ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అని 2005లో ఆయనే ఒప్పుకున్నాడు. డబ్బు దారి పట్టుకో అని ఆయన చెప్పాడని అందరూ అనే ఆ మాట సినిమా కోసం రాసినది, సెమినార్‌లో దాన్ని ఆయన మాటగా చెప్పొద్దు. విలేకరులకీ పొరపాటు జరిగింది. బీరువాలోని రహస్య నిధి మీద హాల్డెమన్‌కీ అధికారం ఉందని స్లోన్ గ్రాండ్ జ్యూరీకి (అభియోగాలు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) చెప్పాడని అక్టోబరు 25న రాశారు, గ్రాండ్ జ్యూరీ అతన్ని ఆ ప్రశ్నే అడగలేదు. విషయం నిజమే అయినా ఆధారం తప్పు రాయడంతో వైట్‌హౌస్ వాళ్లని చీల్చి చెండాడింది. మీ అమ్మాయి ఈ ఒక్క ఘటన మీద పది నిమిషాలు మాట్లాడినా సెమినార్‌కి బలం.

హ్యూ స్లోన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. వయసు ముప్పై ఒకటి, భార్య నిండు నెలలతో ఉంది. లిడ్డీకి నిజంగా ఇచ్చింది 1,99,000 డాలర్లు, కానీ తక్కువ చెప్పమని కమిటీలో పైవాళ్లు ఒత్తిడి తెచ్చారు. అబద్ధపు సాక్ష్యం చెప్పనన్నాడు. జులైలో ఉద్యోగం వదిలేశాడు. డబ్బు లెక్క రాసిన చెయ్యి ఆ లెక్క మార్చను అనడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంత తెలిసినా 1972 చివరికి కేసు దాదాపు చచ్చిపోయింది. ఇది చాలామంది మర్చిపోతారు. సెప్టెంబరు 15న అయిదుగురు దొంగలూ హంట్, లిడ్డీ కలిపి ఏడుగురి మీద అభియోగాలు పెట్టి అక్కడితో ఆపేశారు. ఆగస్టు 26న ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఎన్నికల నిధుల చట్టం ఉల్లంఘించినట్టు కనిపిస్తోందని రిపోర్టు ఇచ్చినా పెద్ద కదలిక లేదు. ప్రతినిధుల సభలో బ్యాంకింగ్ కమిటీకి అధ్యక్షుడు రైట్ పాట్మన్, టెక్సాస్‌కి చెందిన 79 ఏళ్ల ముసలాయన. మెక్సికో డ్రాఫ్టుల మీద విచారణ చేస్తాను, సమన్లు ఇచ్చే అధికారం కావాలన్నాడు. వైట్‌హౌస్ లోపల్లోపల నరుక్కొచ్చింది. అక్టోబరు 3న ఓటింగ్ పెడితే 20–15తో ఆయన ఓడిపోయాడు, సొంత పార్టీ వాళ్లు కొందరు కూడా ఎదురు ఓటేశారు. తర్వాత ఆయన పిలిచిన పెద్దలెవరూ రాకపోతే ఖాళీ కుర్చీలకి ఎదురుగా కూర్చుని అడగాలనుకున్న ప్రశ్నలు చదివాడు. నవంబరు 7న నిక్సన్ యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిది గెలిచాడు. ఆ రోజున ఎవరైనా రెండేళ్లలో ఈయన రాజీనామా చేస్తాడని అనుంటే పిచ్చివాడనేవాళ్లు.

మళ్లీ ప్రాణం పోసింది కోర్టు. 1973 జనవరిలో విచారణ జరిపిన జడ్జి జాన్ సిరికా, ఈ నోట్లు ఎవరిచ్చారని దొంగలని మళ్లీ మళ్లీ అడిగాడు. ఒకడు కవరులో పోస్టులో వచ్చాయంటే నమ్మనని ముఖం మీదే అన్నాడు. నోరు విప్పకపోతే దశాబ్దాల జైలు తప్పదన్నట్టు తాత్కాలికంగా భారీ శిక్షలు వేశాడు, హంట్‌కి 35 ఏళ్లు. శిక్షని చూపించి నోరు తెరిపించడం న్యాయమూర్తి పని కాదని నా అభిప్రాయం, అది వేరే కేసులో అమాయకుడి మీదా వాడొచ్చు. కానీ అప్పటికే మెకార్డ్ బెదిరిపోయి సిరికాకి ఉత్తరం రాశాడు. మార్చి 23న సిరికా దాన్ని కోర్టులో చదివాడు: సాక్షులు అబద్ధం చెప్పారు, నోరు మూసుకోమని మా మీద ఒత్తిడి ఉంది, ఇంకా కొందరి పేర్లు బయటికి రాలేదు.

ఒత్తిడంటే మళ్లీ డబ్బే. దొంగల కుటుంబాలకీ లాయర్లకీ రహస్యంగా నగదు పంచినవాడు టోనీ ఉలాసెవిచ్, న్యూయార్క్ పోలీసు శాఖలో రిటైరైన మనిషి. ఫోన్ బూతుల్లోంచి అన్ని కాల్స్ చేయాల్సి వచ్చి, చిల్లర మోయలేక బస్సు కండక్టర్లు నడుముకి పెట్టుకునే నాణేల డబ్బా కొనుక్కున్నానని సెనేట్ ముందు చెప్పాడు. డబ్బు కవర్లు ఫోన్ బూతుల్లోనూ స్టేషన్ లాకర్లలోనూ వదిలేవాడు. 1973 మార్చి 21న వైట్‌హౌస్ లాయర్ జాన్ డీన్ ఇదంతా నిక్సన్‌కి చెప్పి, ఇలాగే ఇస్తూ పోతే రెండేళ్లలో పది లక్షల డాలర్లు కావాలన్నాడు. పది లక్షలు తేవచ్చు, నగదుగానే తేవచ్చు, ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు అన్నాడు నిక్సన్. అదే రాత్రి హంట్ లాయర్‌కి 75,000 చేరాయి.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. హంట్‌కి అంత డబ్బు ఎందుకివ్వాలి? ఎందుకంటే అతనికి వాటర్‌గేట్ ఒక్కటే కాదు, అంతకు ముందు చేసినవీ తెలుసు. వియత్నాం యుద్ధం గురించిన రహస్య పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్ పరువు తీయడానికి 1971 సెప్టెంబరులో అతని మానసిక వైద్యుడి క్లినిక్ పగలగొట్టించింది హంట్, లిడ్డీలే. అప్పుడు వాళ్లు వైట్‌హౌస్ మనుషులుగానే వెళ్లారు. దొంగతనం చిన్నదే, కానీ ఆ తీగ లాగితే పెద్ద డొంక కదులుతుంది. కప్పిపుచ్చడానికి చేసిన ప్రతి పనీ కొత్త నేరమైంది, ప్రతి నేరానికీ కొత్త సాక్షి పుట్టాడు.

సెనేట్ కమిటీ భాగం అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తాను. 77–0 ఓటుతో ఏర్పడింది, ఛైర్మన్ సామ్ ఎర్విన్, 1973 మే 17 నుంచి టీవీలో విచారణ. జూన్‌లో డీన్ 245 పేజీల వాంగ్మూలం రోజంతా చదివి అధ్యక్షుడే ఇందులో ఉన్నాడన్నాడు. కానీ అది ఒకడి మాటకి ఇంకొకడి మాట. తేల్చేది ఏది? జులై 13, శుక్రవారం, కెమెరాలు లేని గదిలో కమిటీ సిబ్బంది అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే వైట్‌హౌస్ మాజీ అధికారిని ప్రశ్నిస్తున్నారు. డీన్‌తో జరిగిన సంభాషణల గురించి వైట్‌హౌస్ ఇచ్చిన నోట్ ఒకటి వాళ్ల ముందుంది. అందులో మాటలు మరీ యథాతథంగా ఉన్నాయని డొనాల్డ్ శాండర్స్ అనే మాజీ ఎఫ్‌బీఐ ఏజెంట్‌కి అనుమానమొచ్చింది. ఆయన రిపబ్లికన్ల తరఫు లాయర్, అంటే నిక్సన్ పార్టీ వైపు మనిషి! తన మాటలు రికార్డయ్యాయేమోనని డీన్ అనుమానపడ్డాడు, దానికి ఆధారమేమైనా ఉందా అని శాండర్స్ అడిగాడు. ఈ ప్రశ్న అడగకపోతే బాగుండుననుకున్నానంటూ బటర్‌ఫీల్డ్ చెప్పేశాడు, 1971 ఫిబ్రవరి నుంచి అధ్యక్షుడి గదుల్లో ప్రతి మాటా టేపు అవుతోందని. సోమవారం టీవీలో దేశమంతా వింది. (ఆ టేపుల్లోనే 1971 యుద్ధం రోజుల్లో నిక్సన్, కిసింజర్ మన ఇందిరాగాంధీని తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి, అవి చాలా ఏళ్ల తర్వాత బయటికొచ్చాయి.)

అక్కడి నుంచి ఏడాది పాటు పోరాటమంతా టేపుల కోసమే. ఈ కేసు కోసమే నియమించిన స్పెషల్ ప్రాసిక్యూటర్ ఆర్కిబాల్డ్ కాక్స్ టేపులు కావాలని పట్టుబడితే అక్టోబరు 20, శనివారం రాత్రి ఆయన్ని తీసేయమని నిక్సన్ ఆజ్ఞాపించాడు. న్యాయశాఖ అధిపతి, అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ ఆ పని చెయ్యనని రాజీనామా చేశాడు, ఆయన కింది రకల్స్‌హౌస్ కూడా చెయ్యనని వెళ్లిపోయాడు, మూడోవాడు బోర్క్ చేశాడు. ఆ తర్వాత ఇచ్చిన ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు ఉత్త గరగర. అది 1972 జూన్ 20 నాటిది, అరెస్టులయ్యాక మూడో రోజు. ఒకటి కాదు, కనీసం అయిదుసార్లు చెరిపిన గుర్తులున్నాయని నిపుణులు తేల్చారు. కాక్స్ స్థానంలో వచ్చిన జవర్‌స్కీ కూడా తగ్గలేదు. 1974 జులై 24న సుప్రీంకోర్టు 8–0తో టేపులు ఇచ్చి తీరాలంది. తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ బర్గర్‌ని నియమించింది నిక్సనే.

ఆగస్టు 5న బయటికొచ్చిన రాతప్రతుల్లో జూన్ 23 నాటిది ఉంది. రెండేళ్లుగా నాకేమీ తెలియదన్న మనిషి, అరెస్టులయ్యాక ఆరో రోజే డాల్‌బర్గ్ చెక్కు గురించి, మెక్సికో డబ్బు గురించి, ఎఫ్‌బీఐని ఆపడం గురించి మాట్లాడిన మాటలు అచ్చులో ఉన్నాయి. జులై ఆఖరులో ప్రతినిధుల సభ న్యాయ కమిటీలో అభిశంసనకి (అధ్యక్షుడిని పదవి నుంచి తొలగించే ప్రక్రియకి) వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్లు కూడా ఇక మద్దతిస్తామన్నారు. 7న సొంత పార్టీ పెద్దలు వచ్చి సెనేట్‌లో ఓట్లు లేవని చెప్పారు. 9 మధ్యాహ్నానికి ఆయన మాజీ అధ్యక్షుడు. నెలలోనే, తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టాడు, నిక్సన్ కోర్టు మెట్లెక్కకుండానే బయటపడ్డాడు. ఎన్నికల కమిటీ అధిపతిగా ఉన్న మిచెల్, హాల్డెమన్, వైట్‌హౌస్ సలహాదారు ఎర్లిక్‌మన్ జైలుకెళ్లారు. యజమాని ఇంట్లో, గుమాస్తాలు జైల్లో. నాకు ఆ క్షమాభిక్ష ఇప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి విలేకరులా, సంస్థలా అంటే, ఒకరు అలసిపోయిన చోట ఇంకొకరు అందుకున్నారు. ఎఫ్‌బీఐ పై అధికారులు తగ్గినప్పుడు పత్రిక, పత్రిక మాట ఎవరూ వినని రోజుల్లో జడ్జి, జడ్జి ముందు ఏడుగురే ఉన్నప్పుడు సెనేట్, సెనేట్‌కి టేపులు దక్కనప్పుడు ప్రాసిక్యూటర్, ఆయన్ని తీసేస్తే సుప్రీంకోర్టు. మన పేపర్లు ప్రతి కుంభకోణానికీ చివర "గేట్" తగిలిస్తాయి, బొగ్గుకి కోల్‌గేట్ అన్నట్టు. ఆ పేరు పెట్టేటప్పుడు ఈ గొలుసులో మన దగ్గర ఏ లింకు తెగిందో కూడా రాస్తే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీ అమ్మాయిని ముందు జూన్ 23 రాతప్రతి చదవమనండి, నెట్‌లో దొరుకుతుంది, కొన్ని పేజీలే. తర్వాత స్లోన్ సాక్ష్యం, తర్వాత ఉలాసెవిచ్‌ది. వీటన్నిటికంటే ముందు ఒక కాగితం చూడాలి. ఫ్రాంక్ విల్స్ ఆ రాత్రి రాసిన కాపలా రిజిస్టర్ పేజీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. విల్స్‌కి ఆ తర్వాత సరైన ఉద్యోగం నిలవలేదు, 2000లో పేదవాడిగానే పోయాడు. ఆ పేజీలో చేత్తో రాసిన వరసల మధ్య 1:47 దగ్గర ఒక ఎంట్రీ ఉంటుంది: తలుపులకి టేపు కనిపించింది, వచ్చి చూడమని పోలీసులకి ఫోన్ చేశాను.